చెల్లు వ్రాయించుకొనుడు

మా మేళ్లచెరువున వడ్లమ్మిన దినములలో ఇంటింటను బాకీల లెక్కలు తేలును. భర్తను గోల్పోయిన యొక సోదరి మమ్మిట్లడిగినది: "ఆయన వ్రాసిన నోట్లు రెండున్నవి. క్రొత్తదానికని తలచి పైకమిచ్చితిని. షావుకారు పాతదానికి జమ కట్టెను. ఇది న్యాయమా?"

ఏ బాకీకో చెప్పి యిచ్చినచో న్యాయము కాదు. చెప్పక, సూచింపక యిచ్చినచో న్యాయమే. 1872 నాటి ఒప్పందముల చట్టములోని 59, 60 సెక్షనుల తాత్పర్యమిది. కాలదోషము పట్టిన బాకీకైనను అతడు జమ కట్టుకొనవచ్చును.

కోరినపుడు చెల్లింతునను నోటుకు దావా గడువు 3 యేండ్లు. ఆలోపల కొంత చెల్లించి, నోటు వెనుక జమ వ్రాసి చేవ్రాలు చేసినచో గడువు మరల మొదలగును. గడువు దాటినచో దావా చెల్లదుగాని ఋణము చావదు. క్రొత్తనోటు వ్రాసితిరా, మరల లేచి కూర్చుండును. సంతకమునకు తొందరపెట్టని షావుకారును మేమింతవరకు చూడలేదు!

నోటుపై తాను సంతకము చేయని భార్య, భర్త విడిచిన ఆస్తిలో తనకు వచ్చినంత మేరకే బాధ్యురాలు. ఆమె స్త్రీధనము జోలికి ఎవరును పోరాదు.

మా నల్లగొండ సీమలో పూర్వము అప్పునకు మనిషినే వెట్టికి కట్టివేసెడివారు. అట్టి ఋణములను 1976 చట్టము మొదలంట రద్దుచేసెను. తక్కిన ఋణములు పైకముతోనే తీరవలెను. తీర్చిననాడు నోటు చేత బుచ్చుకొని, దానిపై "చెల్లు" అని షావుకారుచేతనే వ్రాయించుకొనుడు. నోటు కనబడుటలేదని యతడన్నచో, రసీదు చేతబడువరకు పైకము పెట్టె దాటనీయకుడు.