క్లాప్ కొట్టేవేళ అమ్మ ఎక్కడుండాలి?

గోదావరిఖని క్వార్టర్లలో కాపురమున్న ఆడవాళ్ళకి గోడ గడియారంతో పెద్దగా పనుండదు. పొద్దున ఏడింటికి ఫస్ట్ షిఫ్టు, మధ్యాహ్నం మూడింటికి సెకండ్ షిఫ్టు, రాత్రి పదకొండింటికి నైట్ షిఫ్టు. ఏ ఇంట్లో ఎన్నింటికి పొయ్యి వెలుగుతుందో, ఏ ఇంట్లో నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పగటిపూట పడుకుంటే పిల్లలు గుసగుసగా ఆడుకుంటారో వరస మొత్తానికీ తెలుసు. షిఫ్టు దిగాల్సిన మనిషి అరగంట ఆలస్యమైతే ఆ ఇల్లాలు గుమ్మంలోకొచ్చి ఎందుకు నిలబడుతుందో కూడా తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు.

అలాంటి మా వరసలోకి 2018లో ఒక తీపి కబురొచ్చింది. పక్క క్వార్టర్ అక్కవాళ్ళ తొమ్మిదేళ్ళ పిల్లకి సినిమాలో వేషం దొరికింది! బడిలో వేసిన నాటిక చూసినవాళ్ళెవరో చెబితే, ఇంకెవరో వచ్చి ఫోన్లో వీడియో తీసుకుపోయారు. రెండే సీన్లు. ఒకదాంట్లో పెళ్ళిపందిట్లో పరుగెత్తాలి, ఇంకోదాంట్లో ఏడవాలి. షూటింగు మన చుట్టుపక్కలే. ఇక చూడండి సంబరం! కూరగాయల బండి దగ్గర కూడా "మీ పోరి సినిమాల చేస్తదట గదా" అనే ముచ్చటే. అక్క హడావుడిగా కొత్త గౌను కుట్టించింది. తీరా అక్కడికి వెళ్తే పాత లంగా జాకెట్టు వెయ్యమన్నారనుకోండి, అది వేరే సంగతి.

పిల్ల వెంట ఎవరు వెళ్ళాలన్న దగ్గర చిక్కొచ్చింది. బావగారికి సెకండ్ షిఫ్టు. మస్టర్ పోగొట్టుకోవడం ఆయనకి ససేమిరా ఇష్టం లేదు. చిన్నవాణ్ణి అత్తగారికి అప్పగించి అక్కే బయల్దేరింది. సంచిలో టిఫిన్ డబ్బా, మంచినీళ్ళ సీసా, పిల్ల లెక్కల పుస్తకం. అక్కడ వాళ్ళు మర్యాదగానే చూశారు. కుర్చీ వేసి "అమ్మా, మీరిక్కడ కూచోండి" అన్నారు. ఆ కుర్చీ కెమెరాకి చాలా దూరంలో ఉంది. ఈ వారం నేను మీతో మాట్లాడాలనుకుంటున్నది ఆ కుర్చీ గురించే.

పిల్లకి ఏడుపు రాలేదు. మూడుసార్లు తీశారు, నాలుగోసారీ తీశారు. ఎండ ముదురుతోంది, అందరికీ విసుగొస్తోంది. అప్పుడొక కుర్రాడు పిల్ల పక్కన మోకాళ్ళమీద కూచుని చెవిలో ఏదో చెప్పాడు. పిల్ల బావురుమంది. షాటు బ్రహ్మాండంగా వచ్చిందని అందరూ చప్పట్లు కొట్టారు. దూరాన కుర్చీలో ఉన్న అక్క కూడా కొట్టింది.

ఆ రాత్రి పిల్ల అన్నం ముట్టలేదు. ఎంత పిలిచినా లోపలికి రాకుండా వాకిట్లోనే కూచుంది. పదకొండు దాటి, తండ్రి బండి చప్పుడు విన్నాక లేచి వెళ్ళి ఆయన కాళ్ళకి చుట్టుకుంది. అప్పుడు బయటపడింది సంగతి. "బాయిల పైకప్పు కూలిందట, మీ నాయిన లోపల్నే ఉన్నడట" అన్నాడట ఆ కుర్రాడు.

అతను దుర్మార్గుడని నేననుకోను. నాలుగుసార్లు చెడిన షాటు అయిదోసారి ఎలాగైనా రావాలని పైనుంచి ఎవరో కేకలేసి ఉంటారు. బొగ్గుబాయి ఇళ్ళలో ఆ మాటకి అర్థమేమిటో అతనికి తెలిసుండదు. ఏమో, తెలిసే అన్నాడేమో కూడా. తొమ్మిదేళ్ళ పిల్లకి కెమెరా ముందు జరిగేది ఆట అని ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. ఏడవడం కూడా ఆటలో భాగమేనని, సాయంత్రానికి అమ్మ, నాన్న, తమ్ముడు ఎప్పట్లాగే ఇంట్లో ఉంటారని ముందే చెప్పి తీసుకెళ్ళాల్సింది మనమే. ఆ గీత చెరిపేసి కన్నీళ్ళు తెప్పిస్తే అది నటన ఎలా అవుతుంది?

మర్నాడు అదే సీనుకి దగ్గర్నుంచి తీసే షాట్లున్నాయి. అక్క తన కుర్చీ తనే ఎత్తుకెళ్ళి కెమెరా పక్కన వేసుకుంది. "ఏడిపియ్యాల్నంటే గ్లిజరిన్ పెట్టుండ్రి సారూ. అబద్ధాలు చెప్పి నా బిడ్డను బెదిరిస్తమంటే మేం ఇంటికి పోతం" అంది. డైరెక్టరు విన్నాడు, తలూపాడు, గ్లిజరిన్ తెప్పించాడు. అంతే! షూటింగు ఆగలేదు, ఎవరూ వీళ్ళని వెళ్ళగొట్టలేదు. ముందురోజు రాత్రంతా అక్క భయపడింది మాత్రం దానికే. "గింత లొల్లి చేస్తే వేషం తీసేస్తరేమోనే" అని నాతో నాలుగుసార్లు అంది. మనలో చాలామందిమి ఆ భయంతోనే దూరపు కుర్చీలో ఉండిపోతాం కదూ?

ఈ సంగతి ఇప్పుడెందుకంటే, కెమెరా ఇప్పుడు మన వాకిళ్ళలోకే వచ్చేసింది. సింగరేణి ఊరి కథతో 2023 మార్చిలో 'దసరా' వచ్చి దేశమంతా ఆడింది. అదే నెలలో సిరిసిల్ల పల్లెల్లోంచి 'బలగం' వచ్చింది. పక్క జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 'మై విలేజ్ షో' వాళ్ళు తీసిన వీడియోలతో గంగవ్వ ఇంటింటి మనిషైంది. మన మాట, మన యాస తెరమీద చెల్లుబాటవుతున్న రోజులివి. మన పిల్లలకి వేషాలు రావడం ఇకమీద వింతేమీ కాదు, రావాలనే నా కోరిక కూడా. వెళ్ళేది మన పిల్ల కాబట్టి మనం ఎక్కడుండాలో తెలుసుకుని వెళ్దాం.

"సినిమావాళ్ళ ఇళ్ళలో పిల్లలకైతే ఈ బాధలుండవు" అంటారేమో. 2025 జనవరిలో విడుదలైన 'గాంధీ తాత చెట్టు' చూశారా? పద్మావతి మల్లాది దర్శకత్వం వహించిన సినిమా. ఊళ్ళో ఒక చెట్టుని కాపాడుకోవడానికి గాంధీ అన్న పేరున్న బడిపిల్ల పడే తాపత్రయం దాని కథ. ఓపెన్‌కాస్టులకి చెట్లు పోవడం కళ్ళారా చూసిన మనకి ఆ కథ ఇంకొంచెం గట్టిగానే తగులుతుంది. ఆ వేషం వేసిన సుకృతి వేణి దర్శకుడు సుకుమార్, తబితల కూతురు. ఆమెకదే తొలి సినిమా. దాన్ని సమర్పించింది తల్లి తబితే. ఆ పాత్ర కోసం సుకృతి నిజంగానే గుండు చేయించుకుంది.

వేములవాడ రాజన్నకి పుట్టువెంట్రుకలిచ్చిన తల్లులం మనం, గుండు మనకి కొత్త కాదు. కానీ చంటిదాని గుండు వేరు, బడికెళ్ళే ఎదిగిన ఆడపిల్ల గుండు వేరు. గ్లిజరిన్ కన్నీళ్ళు కొంగుతో తుడిస్తే పోతాయి. జుట్టు మళ్ళీ భుజాలదాకా రావాలంటే ఏళ్ళు పడుతుంది, ఈలోగా రోజూ బడికెళ్ళాలి, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళాలి. ఎంత పెద్ద దర్శకుడి ఇంట్లోనైనా పిల్ల మనస్ఫూర్తిగా ఊఁ అనాలి, తల్లి పక్కన నిలబడాలి. వేరే దారి లేదు. 2025 ఆగస్టు 1న ప్రకటించిన 71వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ఉత్తమ బాలనటుల పురస్కారం అయిదుగురు పిల్లలు పంచుకున్నారు. వాళ్ళలో సుకృతి ఒకతె. మిగతావాళ్ళలో మరాఠీ సినిమా 'నాళ్ 2'లో నటించిన త్రిషా ఠోసర్ అనే చిట్టి పాప ఉంది. సెప్టెంబరు 23న ఢిల్లీలో ఆ పాప చీర కట్టుకుని రాష్ట్రపతి దగ్గరికి నడిచివెళ్ళడం టీవీలో చూసి మురిసిపోనివాళ్ళు లేరు. ఆ చీర కుచ్చిళ్ళు ఎవరు సర్దారో, ఎన్ని పిన్నీసులు పెట్టారో అనే నేనాలోచించాను!

ముందుతరం వాళ్ళలో రోజారమణిని తలుచుకోవాలి. 1967లో 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడిగా వేసిన పసిపిల్ల ఆమె. తర్వాత ఆమె కొడుకు తరుణ్ మణిరత్నం 'అంజలి'లో నటించి, ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి జాతీయ అవార్డు అందుకున్నాడు. చిన్నతనంలో తనే లైట్ల వేడి ఎరిగిన తల్లికి కొడుకు ఎప్పుడు అలిసిపోయాడో ఒకరు చెప్పక్కర్లేదు. మనకా అనుభవం లేదు కాబట్టి అడిగి తెలుసుకోవాలి. ఎన్ని రోజులు, ఏ వేళల్లో, ఎక్కడ, పిల్లతో ఏమేం చేయిస్తారు అన్నీ అడగాలి. సినిమా లెక్కలు ఎలా తప్పుతాయో చెప్పడానికి 'లవకుశ' చాలు. 1963లో విడుదలైన ఆ సినిమా డబ్బులకి ఇబ్బందై మధ్యలో ఆగిపోయి ఏళ్ళతరబడి సాగింది. ఈలోగా లవకుశులు పెరిగారు! పెరగడం మాననివాళ్ళు పిల్లలు. వాళ్ళ పరీక్షలూ ఆగవు.

చట్టం సంగతి 2018లో మా అక్కకి తెలియదు, నాకూ తెలియదు. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు, పద్నాలుగేళ్ళలోపు పిల్లలు చదువు చెడకుండా సినిమాల్లో, టీవీల్లో నటించవచ్చని ఒప్పుకున్నారు. 2017లో దానికి నిబంధనలొచ్చాయి. పిల్లచేత రోజుకి అయిదు గంటలు మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకి మించి పిలవకూడదు. షూటింగు జరిగే జిల్లా కలెక్టరు దగ్గర నిర్మాత అనుమతి తీసుకోవాలి. గోదావరిఖనిలో తీస్తే పెద్దపల్లి కలెక్టరన్నమాట. తల్లిదండ్రుల అంగీకారం, పిల్లల భద్రతకి బాధ్యుడైన మనిషి పేరు అందులో ఉండాలి. ఒక్కో బాధ్యుడి చేతికింద అయిదుగురికి మించి పిల్లలుండకూడదు. ఇష్టం లేని పిల్లచేత చేయించనేకూడదు. వచ్చిన సొమ్ములో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో పిల్ల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి. అది పిల్లకి మేజరయ్యాకే చెందుతుంది.

ఈ చివరి ముక్క మనల్ని ఉద్దేశించిందే సుమా. 1921లో చాప్లిన్ 'ది కిడ్'లో నటించిన జాకీ కూగన్ అమెరికాలో లక్షలకి లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దయ్యాక చూసుకుంటే దాదాపు ఏమీ మిగల్లేదు. 1938లో కన్నతల్లి మీదా మారుతండ్రి మీదా దావా వేశాడు. మైనరు సంపాదన తల్లిదండ్రులదేనని అప్పటి చట్టం. ఆ గొడవ చూశాకే 1939లో కాలిఫోర్నియాలో కొత్త చట్టం తెచ్చారు. మనిళ్ళలో లక్షలుండవు, కానీ చిట్టీ కట్టాల్సిన రోజున పిల్ల డబ్బు వైపు చెయ్యి సాగడానికి లక్షలే అక్కర్లేదు.

ఇంకొకటి. "ఆడిషన్‌కి ఫీజు కట్టండి, ఫోటోలకి ఇంత, కార్డుకి ఇంత" అని ఫోన్లొస్తాయి. వేషం ఇచ్చేవాళ్ళు మనకి డబ్బివ్వాలిగానీ మనదగ్గర పుచ్చుకోవడమేమిటి? అక్కడే ఫోన్ పెట్టెయ్యండి. హైదరాబాదు రమ్మంటే పిల్లని ఎవరితోనో రామగుండంలో రైలెక్కించి పంపకండి, మీరు వెళ్ళండి. బట్టలు మార్చే గదిదాకా వెళ్ళండి.

మరి తండ్రులో? మస్టర్ పోతుందన్న బావగారు పిల్ల కాళ్ళకి చుట్టుకున్న ఆ రాత్రి ఒక్క మాటా మాట్లాడలేదట. వచ్చిన ఆదివారం ప్లే డే డ్యూటీ వదిలేసి, రెట్టింపు జీతం పోతే పోయిందని, పెళ్ళి సీను తీసేచోటికి వెళ్ళి పొద్దంతా కూచున్నాడు. ప్రతి షాటుకీ పిల్ల ఆయనున్న వైపు ఒకసారి చూసుకుని పరుగెత్తిందట.

సినిమా మన ఊళ్ళో ఆడినప్పుడు వరసంతా కట్టగట్టుకుని వెళ్ళాం. "తీసినయన్ని ఉంచరట బిడ్డా, ఉంటె ఉంటది, లేకుంటె లేదు" అని అక్క ముందురోజే పిల్లకి చెప్పి ఉంచింది. అలాగే అయింది. ఏడుపు సీను మొత్తం ఎగిరిపోయింది. పెళ్ళి సీన్లో రిబ్బన్లు కట్టిన రెండు జడలు పందిట్లో అటునుంచి ఇటు పరుగెత్తాయి, అంతే. వెనక వరసలోంచి ఎవరో "ఏదీ, ఎక్కడ?" అంటుంటే పిల్ల కుర్చీలో లేచి నిలబడి "అగో, గా జడలు నావే" అని చూపించింది.

ఇప్పుడా పిల్ల ఇంటర్ చదువుతోంది. మళ్ళీ నటించలేదు. వాళ్ళిచ్చిన నాలుగు డబ్బులు అక్క పిల్ల పేరున బ్యాంకులో వేసింది. ఆ కాగితం బీరువాలో బర్త్ సర్టిఫికెట్ పక్కనే ఉంది.