హయత్‌నగర్ మజిలీ

దామరచర్ల నుంచి బస్సులో హైదరాబాదు వెళ్ళే పిల్లలూ! నగరం చేరబోతుండగా హయత్‌నగర్ వస్తుంది, చూశారా? పూర్వం గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే బాటలో అదొక మజిలీ. గోల్కొండకు దాదాపు 25 కిలోమీటర్లు. ఎడ్లబండికి ఒకరోజు ప్రయాణం.

అబ్దుల్లా కుతుబ్‌షా (1626–1672) కాలంలో, ఆయన తల్లి హయాత్ బక్షీ బేగం పేర ఇక్కడ ఐదు కమానుల మసీదు, దాని చుట్టూ బాటసారులకు సరాయి కట్టారు. నూటికి పైగా గదులు! గుమ్మాలన్నీ లోపలి ఆవరణ వైపే. అలా ఉంటే దొంగ చాటుగా రావడం కష్టం కదూ?

మరి నోరులేని జీవాల మాటేమిటి? ఒక్క గుర్రానికే రోజుకు సుమారు 30 లీటర్ల నీళ్ళు కావాలి. బిడారుకంతా ఎన్ని కావాలో లెక్క వేయండి! మసీదు పక్కనే పెద్ద బావి ఉంది. దాన్ని హాథీ బావలీ, అంటే ఏనుగుల బావి అంటారు. అందులో నీళ్ళు ఏనుగులే తోడేవట!