రోటిలో నిలిచిన నీరు

ఆశ్వయుజం ప్రవేశించగానే మా వైద్యశాల అరుగు మీద చోటు చాలదు. శరదృతువు వైద్యులకు కన్నతల్లి వంటిదని మా వృత్తిలో ఒక పాత హాస్యోక్తి ఉన్నది. సరిగ్గా ఆ రోజుల్లోనే సంపాదకుల నుండి ఉత్తరం వస్తుంది, ఈ ఋతువుకు తగిన గృహవైద్య విశేషాలు వ్రాసి పంపమని. ఎన్నో ఏళ్ళుగా పంపుతూనే ఉన్నాను. కాకర, పొట్ల వండుకొమ్మని, పెసరకట్టు త్రాగమని, ఉసిరిక తినమని, రాత్రి పెరుగు మానమని, పగటి నిద్ర, ఎండ, తూర్పు గాలి కూడవని వ్రాశాను. వాటిలో అసత్యమేదీ లేదు. వర్షఋతువులో సంచితమైన పిత్తం శరత్తులోని ఎండకు ప్రకోపిస్తుందని, చేదు, తీపి, వగరు రుచులు దానిని శమింపజేస్తాయని చరకుడూ వాగ్భటుడూ చెప్పినదే నేనూ చెప్పాను.

ఈసారి మాత్రం కషాయాల కంటే ముందుగా మా ఇంటి సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. అది నా ప్రతిష్ఠను పెంచేది కాదు.

మా ఊరు కలికిరి. మూడేళ్ళ క్రితం దసరా సెలవులకు మా కోడలు పిల్లలతో వచ్చింది. పండుగ వెళ్ళిన మూడవ నాడు ఎనిమిదేళ్ళ మనుమరాలికి జ్వరం తగిలింది. ఒళ్ళు కాలిపోతున్నది, కళ్ళ వెనుక నొప్పి అంటున్నది, ముఖం ఎర్రబారింది. నాడి చూశాను. పిత్తజ్వరమని నిశ్చయించి తిప్పతీగ కషాయం పెట్టించాను. "మామా, ఒకసారి రక్తపరీక్ష చేయిద్దామా?" అని కోడలు మెల్లగా అడిగింది. "రెండు రోజులు చూద్దాంలేమ్మా" అన్నాను. వైద్యుని ఇంట మరొక వైద్యమా అన్న అభిమానం ఆ మాటలో కొంత ఉన్నదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మూడవ నాడు పరీక్ష చేయించాము. డెంగ్యూ అని తేలింది. అయిదవ నాటి ఉదయానికి జ్వరం దిగింది. నేను సంతోషించాను. పిల్ల మాత్రం కడుపు పట్టుకొని మూలుగుతున్నది, వాంతులు ఆగడం లేదు, చేతులూ కాళ్ళూ చల్లబడ్డాయి, తెల్లవారినప్పటి నుండి మూత్రం రాలేదు. ఈసారి కోడలు నన్ను అడగలేదు, బండి పిలిపించింది. ఆసుపత్రిలో నాలుగు రోజులు సెలైను ఎక్కించారు. పిల్ల దక్కింది.

అక్కడి యువవైద్యుడు నాకు ఓపికగా చెప్పిన విషయం పాఠకులందరూ తెలుసుకోదగినది. ఈ వ్యాధిలో అపాయకాలం జ్వరం తీవ్రంగా ఉన్నప్పుడు కాదట, జ్వరం దిగే సమయంలోనట. సాధారణంగా మూడు నుండి ఏడు రోజుల మధ్య రక్తనాళాల గోడలలోనుండి రక్తంలోని ద్రవాంశం బయటికి ఊరిపోతుంది. ప్లేట్‌లెట్ల సంఖ్య ఎంత అని అందరమూ అడుగుతాము గాని, ప్రాణం మీదికి తెచ్చేది ముఖ్యంగా ఈ ద్రవనష్టమే. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి గాని ముక్కు నుండి గాని రక్తం, మగత, మూత్రం తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ పూట ఇంట్లో ఉండరాదు. ఒంటినొప్పులకని ఆస్పిరిన్, ఐబుప్రొఫేన్ జాతి మాత్రలు మింగరాదు. రక్తస్రావం ఎక్కువయ్యే అవకాశముంది.

బొప్పాయి ఆకు రసం సంగతి తప్పక అడుగుతారు, కాబట్టి చెబుతున్నాను. దాని వలన ప్లేట్‌లెట్లు కొంత త్వరగా పెరిగినట్లు కొన్ని అధ్యయనాలలో కనిపించింది. ప్రాణాపాయాన్ని తప్పిస్తుందని నిరూపణ కాలేదు. వాంతులతో ఉన్న పిల్ల నోట్లో ఆ చేదురసం పోయడం నాకు సమ్మతం కాదు. లంఘనం గురించి కూడా ఒక మాట. తరుణజ్వరానికి లంఘనం అన్నారని మన ఇళ్ళలో రోగికి నీళ్ళు సైతం మాన్పించేవారున్నారు. ఆ చరకుడే జ్వరదాహానికి తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్ళు, చందనం, కురువేరు, శొంఠి వేసి కాచిన షడంగపానీయం ఇమ్మన్నాడని మరచిపోతారు. లంఘనం అన్నానికే గాని నీటికి కాదు.

ఇక అసలు విషయం. పిల్ల ఇంటికి వచ్చిన మరునాడు ఆశా కార్యకర్త మా ఇంటికి వచ్చింది. చుట్టుపక్కల జ్వరాలు ఉన్నవేమో కనుక్కొని, టార్చిలైటు తీసుకొని పెరట్లోకి నడిచింది. నేను అరుగు మీదనే కూర్చున్నాను. కొంతసేపటికి పిలుపు వినిపించింది. "సామీ, ఒకసారి ఇట్లా రండి."

వేపచెట్టు క్రింద మా పాత రాతిరోలు ఉన్నది. మిక్సీ వచ్చిన నాటి నుండి అది అక్కడే పడి ఉన్నది. వానలకు దాని గుంట నిండింది. టార్చి వెలుగులో చూస్తే, తలక్రిందులుగా వ్రేలాడుతూ, నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు పోయే సన్నని పురుగులు వందల కొద్దీ ఉన్నాయి. "ఇవే సామీ," అన్నది ఆ అమ్మాయి. అంతకు మించి ఏమీ అనలేదు. ఆమె నా దగ్గర దగ్గు లేహ్యం తీసుకొనే మనిషి.

ఆ రోలు చుట్టూ నేను పెంచుకున్నవి తులసి, నేలవేము, అడ్డసరం. జ్వరానికి మందు మొక్కలన్నీ ఒక వరుసలో, వాటి నడుమ జ్వరం పుట్టే తావు!

ఆ రోజు నుండి నేను ఆలోచిస్తున్నది ఇది. మనం ఋతుచర్యను భోజనపు పళ్ళానికి పరిమితం చేశాము. చర్య అన్న మాటలోని నడత, పని అన్న అర్థాలను విడిచిపెట్టి, ఏమి తినాలి, ఏమి మానాలి అన్న పట్టికగా మార్చుకున్నాము. నావంటి వ్యాసకర్తలు ఇందుకు చాలావరకు బాధ్యులు. చీపురు, కొబ్బరిపీచు గురించి వ్యాసం వ్రాస్తే ఎవరు చదువుతారని మాకు సంకోచం. నిదాన పరివర్జనం, అంటే వ్యాధికారణాన్ని దూరం చేయడమే చికిత్సకు సారమని సుశ్రుత సంహిత చెబుతున్నది. ఆ శ్లోకాన్ని గురుకులంలో కంఠస్థం చేశాను, సభలలో ఉపన్యసించాను. నా ఇంటి రోటిలోకి తొంగి చూడలేదు.

పూర్వులు దోమను ఎరుగరని ఎవరైనా అంటే అది తప్పు. సుశ్రుతుడు కల్పస్థానంలో దోమలను సాముద్రం, పరిమండలం, హస్తిమశకం, కృష్ణం, పార్వతీయం అని అయిదు జాతులుగా విభజించాడు. వాటిలో పార్వతీయం కాటు ప్రాణాలు తీసే కీటకాల కాటుతో సమానమన్నాడు. చరకుడు విమానస్థానంలో జనపదాలను నాశనం చేసే మహామారులను వివరిస్తూ, గాలి, నీరు, నేల, కాలం చెడిపోవడమే వాటికి మూలమని, చెడిన నేలకు దోమలు, ఈగలు పెరగడం ఒక లక్షణమని చెప్పాడు. అయితే దోమ జ్వరాన్ని ఏ విధంగా మోస్తుందో వారికి తెలిసిందని మాత్రం నేను అనను. అది 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శినితో దోమ పొట్టను పరీక్షించి మలేరియా క్రిమిని చూసిన తరువాతి జ్ఞానం. మన గ్రంథాలలో అన్నీ ఉన్నాయని చెప్పుకోవడం కంటే, ఉన్నదాన్ని ఆచరించడం మేలు.

మా సీమవారికి మరొక చిక్కు ఉన్నది. గ్రంథాలలోని శరత్తు వేరు, కలికిరిలోని శరత్తు వేరు. శాస్త్రం ప్రకారం శరత్తులో మబ్బులు విడిపోతాయి, పగలు సూర్యుడు కాచి, రాత్రి చంద్రుడు చల్లార్చి, అగస్త్య నక్షత్రోదయంతో నీరు నిర్విషమై హంసోదకమవుతుంది. ఉత్తరదేశానికి అది సరిపోతుంది. మనకో? ఈశాన్య ఋతుపవనాలు అక్టోబరు రెండవ సగంలో మొదలై, తుపానులతో కలిసి మార్గశిరం దాకా కురుస్తాయి. 2021 నవంబరులో కార్తీక పౌర్ణమి రోజుల్లోనే వరద ముంచెత్తి, చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగిపోయిన సంగతి ఎవరు మరువగలరు? నాలుగు రోజులు వాన, నాలుగు రోజులు ఎండ. దోమ పెరగడానికి ఇంతకంటే అనువైన కాలం లేదు. కాబట్టి మా ప్రాంతంలో శరత్తు వచ్చిందని వర్షఋతువు జాగ్రత్తలు విడువరాదు. నీటిని కాచి త్రాగవలసిందే. హంసోదకం పేరిట మిద్దెమీద బిందెలు మూతలేకుండా పెట్టే ఆచారం కొన్ని ఇళ్ళలో చూశాను. ఆ మాట స్వచ్ఛమైన జలాశయాలను ఉద్దేశించినది, మన బిందెలను కాదు.

అసలు నీరు నిలువ చేయవద్దని ఈ సీమలో చెప్పగలమా? కుళాయి దినం విడిచి దినం వచ్చే వీధులున్నాయి. డ్రమ్ములు, తొట్లు నింపుకోక తప్పదు. పట్టణాలలో ముద్రించిన కరపత్రాలు ఈ కష్టాన్ని ఎరుగవు. చేయగలిగినది మూత పెట్టడం. మూత లేకపోతే పాత పంచెను రెండు మడతలు వేసి తాడుతో బిగించి కట్టాలి. వారానికి ఒకమారు ఆ నీటిని వాడి ఖాళీ చేసి, లోపలి గోడలను పీచుతో రుద్ది తోమాలి. తోమడం ఎందుకంటే, డెంగ్యూను మోసే దోమ గ్రుడ్లను నీటి అంచుకు పైన, పాత్ర గోడకు అంటించి పెడుతుంది. నీరు పారబోసినా ఆ గ్రుడ్లు ఎండి నెలల తరబడి బ్రతికి ఉంటాయి, మళ్ళీ తడి తగలగానే పొదుగుతాయి. గ్రుడ్డు దోమగా మారి ఎగరడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒకమారు అన్న లెక్క. తెలంగాణలో 2020లో ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని ప్రభుత్వమే పిలుపునిచ్చింది. నాకు ఆ మాట నచ్చింది. ఆదివారమైతే ఇంట్లో మగవారు, పిల్లలు ఉంటారు. ఈ పని కూడా గృహిణి నెత్తిన పడకుండా ఉంటుంది.

నా ఆదివారపు చుట్టు ఏమిటో చెబుతాను. వినాయకచవితి నాటి నుండి మూలన చేరిన ముంతలు, నవరాత్రుల కొబ్బరిచిప్పలు, ఎండాకాలం వాడి ప్రక్కకు నెట్టిన కూలరు, పూలకుండీల క్రింది పళ్ళాలు, సీసాలో పెంచే మనీప్లాంటు, ఫ్రిజ్జు వెనుక నీటి పళ్ళెం. ఈ చివరిది మనుమరాలు కనిపెట్టింది, అక్కడ అటువంటిదొకటి ఉంటుందని నాకు తెలియనే తెలియదు. దీపావళి తరువాత ప్రహరీగోడ మీద మరచిపోయిన ప్రమిదలు మరొకటి. నూనె కొట్టుకుపోయి వాననీరు నిలిచిన ప్రమిదలోనూ పురుగును చూశాను. సాయంకాలం వేపాకు పొగ, సాంబ్రాణి వేస్తున్నాం కదా అనేవారికి నా జవాబు: ఈ దోమ పగటి పూట కుడుతుంది, ఉదయం వేళ, పొద్దు వాలే ముందు మరీ ఎక్కువగా. దీపాలవేళ వేసిన పొగ దానికి ఆలస్యం. పిల్లలకు పగటి నిద్రలోనూ దోమతెర కట్టండి.

పనికి మించిన మందు లేదనడం నా ఉద్దేశం కాదు, నేను మందులమ్ముకొని బ్రతికేవాడినే. కాని మా ప్రాంతంలోనే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ చికిత్సాలయం వెలిసింది. 1943లో స్ట్రెప్టోమైసిన్ బయటపడే వరకు అటువంటి చోట్ల రోగులకు ముఖ్యంగా ఇచ్చినవి మంచి గాలి, పుష్టికరమైన తిండి, విశ్రాంతి. తావు కూడా చికిత్సలో భాగమని ఆ కొండగాలి మా పెద్దలకు నేర్పింది.

మా గురువుగారు శనివారం అభ్యంగన స్నానానికి ముందు శిష్యులచేత ఇంటి తొట్లన్నీ బోర్లింపజేసి పీచుతో తోమించేవారు. చదువు కోసం వచ్చి ఈ చాకిరీ ఏమిటని నాకు లోలోపల రోషంగా ఉండేది. వారికి డెంగ్యూ తెలియదు. నిలువనీరు పాచి పడుతుంది, పాచినీరు చలిజ్వరం తెస్తుంది, అంతే వారు చెప్పిన కారణం. గురుకులం విడిచాక శ్లోకాలన్నీ నిలుపుకున్నాను. ఆ తోమడం మాత్రం మానేశాను.

రోటి విషయంలో మాత్రం ఇంట్లో తగవు పడ్డది. బోర్లించుదామంటే నలుగురికి లేవదు. మట్టి నింపి మొక్క నాటుదామన్నాను. "పెళ్ళిళ్ళకు పసుపు కొట్టిన రోలు, మట్టి పోస్తారా?" అని మా ఇంటావిడ ఒప్పుకోలేదు. చివరకు ఆవిడే తేల్చింది. ప్రతి ఆదివారం దానిని కడిగి, వేయించిన చెనక్కాయలు, మిరపకాయలు, చింతపండు వేసి ఊరుబిండి నూరుతున్నది. నూరిన తరువాత కడిగి, గుంటను గుడ్డతో తుడిచి, పాత సత్తు పళ్ళెం బోర్లించి దానిపై రాయి పెడుతున్నది. శరత్తులో ఇంత కారం కూడదని శాస్త్రం. రాగిసంగటిలోకి ఆ ఒక్క పూట నేను కళ్ళు మూసుకుంటాను. మొన్న ఆశ్వయుజంలో ఆశా కార్యకర్త మళ్ళీ వచ్చి, పళ్ళెం ఎత్తి టార్చి వేసి చూసి, మా ఇంటావిడ పెట్టిన ఊరుబిండి ఆకులో కట్టుకొని ప్రక్కింటికి వెళ్ళింది. అక్కడి పెరట్లో ఇంకొక రోలున్నది.