ఎర డబ్బాలో అన్నీ మగ ఈగలే

మామిడి కాయలు పక్వానికి వచ్చే రోజుల్లో తోటలో కొమ్మకు వేలాడే ఎర డబ్బా మూత తీసి చూడండి. అడుగున చచ్చిన పండు ఈగలు గుట్టగా కనిపిస్తాయి. రైతుకు ఆ గుట్టే ధీమా. కానీ అవి దాదాపు అన్నీ మగవి. కాయ తొక్కకు రంధ్రం చేసి లోపల గుడ్లు పెట్టేది, పండును పురుగుల పాలు చేసేది ఆడ ఈగ. అది బయటే తిరుగుతోంది.

డబ్బాలోని ప్లైవుడ్ ముక్కను ఆల్కహాల్, మిథైల్ యూజినాల్, మలాథియాన్ 6:4:1 పాళ్లలో కలిపిన ద్రావణంలో నానబెడతారు. పిలిచేది మిథైల్ యూజినాల్, చంపేది మలాథియాన్. మన తులసి ఆకులోనూ ఉండే పదార్థమే ఈ మిథైల్ యూజినాల్! బిహార్‌లోని పూసాలో పనిచేసిన కీటక శాస్త్రవేత్త హౌలెట్, సిట్రొనెల్లా నూనెకు పండు ఈగలు మూగడాన్ని 1912లో నమోదు చేశారు. వాటిని లాగుతున్నది మిథైల్ యూజినాల్ అని 1915లో తేల్చారు. వందేళ్లు దాటినా మనం ఆ ఎర దగ్గరే ఉన్నాం. ఒక మగ ఈగ పలు ఆడ ఈగలతో జతకట్టగలదు. అందుకే ఊరంతా కలిసి పెడితే తప్ప, ఒక్కరి తోటలో పెట్టిన నాలుగు డబ్బాలతో ఒరిగేది తక్కువ.

ఈలోగా జన్యుశాస్త్రం చాలా దూరం వెళ్లింది. పురుగుకు ముక్కు దాని మీసాలే. వాటిలోని నాడీకణాలపై వాసనను పట్టే గ్రాహక ప్రొటీన్లు ఉంటాయి. ఒక్కో గ్రాహకానికి ఒక్కో జన్యువు. వాటికి తోడుగా ఓర్కో అనే మరో ప్రొటీన్ ఉండాలి, అది లేకపోతే ఈ గ్రాహకాలు పనిచేయవు. డ్రోసోఫిలా ఈగలో ఆ జన్యువును తొలగిస్తే చాలా వాసనలు తెలియకుండా పోయాయని 2004లో చూపారు. అయితే చీడపురుగుల్లో ఓర్కోను అడ్డుకునే రసాయనం చల్లితే సరిపోతుంది కదా అంటారు కొందరు.

నాకది నచ్చదు. ఓర్కో రకరకాల కీటకాల్లో దాదాపు ఒకేలా ఉంటుంది. పండు ఈగ కోసం చల్లిన రసాయనం తేనెటీగ ముక్కునూ, పండు ఈగ పురుగుల్లో గుడ్లు పెట్టి వాటిని చంపే మేలు చేసే కందిరీగ ముక్కునూ మూసేస్తే? మనకు మిగిలేదేమిటి?

మిగతా గ్రాహకాలు అలా కాదు, జాతి జాతికీ మారిపోతాయి. పని జరగాల్సింది అక్కడే. పండిన మామిడి వాసనలోని గామా ఆక్టాలాక్టోన్ వంటి పదార్థాలు ఆడ ఈగను ఆకర్షించి గుడ్లు పెట్టేలా చేస్తాయని బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధనల్లో తేలింది. ఆ వాసనలను ఆడ ఈగ ఏ గ్రాహకాలతో పడుతుందో తెలిస్తే, వాటికి బాగా అతికే పదార్థాన్ని ప్రయోగశాలలో వెతకవచ్చు. ఇప్పుడున్న ప్రొటీన్ ఎరలకు ఆడ ఈగలు వస్తాయి గానీ, మిథైల్ యూజినాల్ మగ ఈగలను లాగినంత దూరం నుంచి రావు. పండు ఈగల కారణంగా 2014 మేలో యూరప్ మన మామిడిని ఆపేసింది. అలాంటి దెబ్బ తిన్న దేశం ప్రజల సొమ్మును మరో పురుగుమందు మీద కన్నా ఈ వెతుకులాట మీద పెట్టడం మంచిది.

అంతవరకు రాలిన కాయలను ఏ రోజుకారోజు ఏరి లోతుగా పాతిపెట్టాలి. వాటిలోని పురుగుల్లో సగానికి సగం రేపటి ఆడ ఈగలే.