మామిడిపండ్ల బేరమునకు వీడియో జాబు

బంగినపల్లి కోతకు ముందుగానే పట్టణములలోని కొనుగోలుదారులకు ఈమెయిలు జాబులు వ్రాసి, వానిలో మన తోటల వీడియో నొకటి చూపవలయునని కొందరు సభ్యులు కోరుచున్నారు. దళారి చేతిలో తూకమును కమీషనును పోగొట్టుకొను రైతునకు, తినువానితో నేరుగా మాటలాడు సాధన మేదైనను మంచిదే. మేము ఈ కోరికను సమర్థించుచున్నాము. అయితే ఖర్చు సంఘముది గనుక కొన్ని సంగతులు ముందుగా తెలిసియుండవలెను.

జాబులో వీడియో పెట్టినంతమాత్రమున అది అచ్చటనే ఆడదు. జీమెయిలు దానిని జాబులోపల ఆడనీయదు. జతపరచి పంపుదమన్నచో 25 మెగాబైట్ల హద్దు కలదు. ఫోనుతో తీసిన రెండు నిమిషముల చిత్రమే సాధారణముగా దానిని దాటిపోవును. కావున వీడియోను యూట్యూబులో ఉంచి, దానిలోని యొక నిశ్చల చిత్రమును త్రికోణపు గుర్తుతో జాబున కతికించి, నొక్కినవెంటనే వీడియో తెరచుకొనునట్లు లంకె వేయుటయే మార్గము. ధర, పెట్టె తూకము, ఫోను నంబరు మాత్రము అక్షరములలోనే వ్రాయవలెను. బొమ్మలు తెరచుకొనని ఫోనులును గలవు.

ఇక చూపవలసిన దేమి? డ్రోనుతో పైనుండి తీసిన తోటయు, దానికి తోడు సినిమాపాటయు మాకు రుచింపవు. (పాటకు హక్కుదారు లుందురు, ఆ చిక్కు వేరు.) అట్టి తోట ఎవ్వరిదైనను కావచ్చును. కొనువాని మనస్సులోని శంక, కాయను కార్బైడుతో మాగబెట్టిరేమో యని. అట్లు మాగబెట్టిన పండ్లను అమ్మరాదని 2011 నాటి ఆహార భద్రతా నియమములు చెప్పుచున్నవి. ఇథిలీను వాయువును పదిలక్షలకు 100 పాళ్ల వరకు వాడవచ్చును. కావున మాగుగది తలుపు తెరచి చూపుడు. చిక్కముతో కాయను తొడిమతో కూడ కోయుట, బోర్లించి సొన కార్చుట, మచ్చకాయల నేరివేయుట, కాటాపై పెట్టె తూకము కనబడుట, ఇవి చాలును. ఒక నిమిషము మించరాదు. కూలివారి మొగములను వారి సమ్మతితోనే చూపవలెను. ధ్వని నాపి చూచువారు పెక్కుమంది గనుక మాటలను అక్షరములుగా క్రింద వేయుడు. వీడియోలో పెద్దకాయ చూపి పెట్టెలో చిన్నకాయ పంపిన సంఘమునకు మరుసటి యేడు జాబు వ్రాయు శ్రమయే యుండదు.

ఈమెయిలు విలాసములను వెలయిచ్చి కొనవలదు. 1978లో అమెరికాలో నొక కంప్యూటరు కంపెనీ యుద్యోగి అడుగని సుమారు 400 మందికి వ్యాపారపు జాబు పంపి చీవాట్లు తినెను. నిరుడు కొన్నవారికిని, ఇష్టపడి విలాస మిచ్చినవారికిని మాత్రమే పంపుడు. వలదనువారు ఒక్క నొక్కుతో మానుకొను వీలుండవలెను. దినమునకు 5,000కు మించి జీమెయిలు విలాసములకు పంపువారికి గూగులు 2024లో దీనిని నిర్బంధము చేసినది. కొద్దిమందికి పంపు మనకును అదియే మర్యాద.

ఎందరు జాబు తెరచిరను లెక్కను చూచి మురియకుడు. 2021లో ఆపిల్ తెచ్చిన గోప్యతా యేర్పాటువలన చదువని జాబు సైతము తెరచినట్లు లెక్కకు వచ్చుచున్నది. ఆర్డర్లనే పుస్తకమున వ్రాయవలెను. రెండు మళ్లలో రెండు ఎరువులు వేసి చూచినట్లు, సగముమందికి వీడియోతోను, సగముమందికి వట్టి జాబును పంపి, ఆర్డర్లను పోల్చి చూతము. తేడా కనబడనిచో వచ్చు కోతకు కెమెరా అద్దె పైకము మంజూరు చేయవలదని మా అభిప్రాయము.