కిరాయి కట్టినా పతా లేదు

మా ఆపా కొడుకు మాస్టర్స్ చదవడానికి జర్మనీలోని మ్యూనిక్ నగరానికి వెళ్ళాడు. వెళ్ళిన పది రోజులకు ఫోన్ చేసి "మామూ, రూము దొరికింది గానీ పతా దొరకలేదు" అన్నాడు. రూము ఉన్నాక పతా లేకపోవడమేమిట్రా అని నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు.

జర్మనీలో ఇల్లు మారిన ప్రతి మనిషీ రెండు వారాల లోపు నగర కచేరీకి పోయి తన నివాసం నమోదు చేయించుకోవాలి. దాన్ని ఆన్మెల్డుంగ్ అంటారు. 2015 నవంబరు 1 నుంచి అమలులో ఉన్న ఖానూన్ ప్రకారం, నమోదుకు వెళ్ళేటప్పుడు ఇల్లు ఇచ్చినవాడు దస్తఖత్తు చేసిన చీటీ తీసుకుపోవాలి. ఫలానా తేదీన ఈ మనిషి ఈ ఇంట్లో దిగాడు, ఇంటి మాలిక్ ఫలానా అని అందులో ఉండాలి. కిరాయి ఒప్పందం చూపిస్తే సరిపోదు. నమోదు లేకపోతే పన్ను నంబరు ఉత్తరం రాదు, బ్యాంకు ఖాతాకు తిప్పలు, వీసా పొడిగింపు దరఖాస్తు దగ్గర మళ్ళీ అదే ప్రశ్న.

మావాడికి రూము ఇచ్చినవాడు మాలిక్ కాదు, అతనూ కిరాయిదారే. మాలిక్‌కు చెప్పకుండా ఒక గది మావాడికి ఇచ్చాడు. నెలకు 700 యూరోలు. చీటీలో మాలిక్ పేరు రాయాలి కదా, కచేరీ నుంచి మాలిక్‌కు కబురు పోతుందేమోనని అతని భయం. "ఉండు, కానీ చీటీ అడక్కు" అన్నాడు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. "ఎవరైనా తెలుగువాళ్ళ ఇంటి పతా మీద రాయించుకోరా, ఏమవుతుంది?" అని సలహా ఇచ్చాను. మనకు అలవాటే కదా. నేను హైదరాబాద్‌లో ఏడేళ్ళు కిరాయికి ఉన్నా, నా ఆధార్ మా అన్న ఇంటి పతా మీదే ఉండేది. ఇల్లు ఇస్తూనే "ఆధార్ మాత్రం ఈ అడ్రసుకు మార్చొద్దు" అన్న మాలిక్‌లను చూశాను. (పేరు చెప్పగానే ఇల్లు ఖాళీ లేదన్నవాళ్ళనూ చూశాను, అది ఇంకో రోజు రాస్తాను.) మావాడు వెతికి చూసి చెప్పాడు: అక్కడ దిగని మనిషికి ఊరికే పతా ఇచ్చినవాడికి 50,000 యూరోల దాకా జుర్మానా ఉందట. నా సలహాతో ఏ పేద కుటుంబాన్ని ముంచేవాణ్ణో!

నమోదు ఉండాలనడం తప్పని నేను అనను. ఎక్కడుంటున్నావో సర్కారుకు రాసివ్వడం మంచిదే. చీటీ ఇవ్వని వాడి మీద కూడా 1,000 యూరోల దాకా జుర్మానా ఉంది. చీటీ ఇవ్వకపోతే ఆ సంగతి కచేరీకి చెప్పాలనీ ఉంది. కాగితం మీద ఇన్సాఫ్ బాగానే ఉంది. కానీ ఫిర్యాదు చేసిన పిల్లవాడు మర్నాడు ఎక్కడ పడుకోవాలి? హక్కు వాడిది, తాళంచెవి ఇంకొకడిది. చీటీ ఇచ్చే రూములకు ఒక ధర, ఇవ్వని రూములకు ఒక ధర అన్నట్టు తయారైంది. చట్టం కోరిన కాగితాన్ని పేదవాడు కొనుక్కోవలసి వస్తోంది.

లెక్క చూడండి. జర్మనీకి వచ్చే విద్యార్థి ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంటులో వేసి చూపించాలి. నెలకు 992. మ్యూనిక్‌లో నలుగురితో కలిసి ఉండే ఫ్లాటులో ఒక్క గదికి 2025లో సగటున 800 పడుతోంది. ఆరోగ్య బీమాకు 140 పైన. మిగిలిన యాభైతో నెలంతా తినాలి! చవక ఊరికీ మ్యూనిక్‌కీ సర్కారు ఒకే అంకె పెట్టింది. జర్మన్ పిల్లల పరిస్థితీ అంతంతమాత్రమే, బాఫోగ్ అనే సర్కారీ సాయంలో ఇంటి కోసం ఇచ్చేది 380 మాత్రమే.

అదే ఊళ్ళో ఫ్రైమాన్ వైపు స్టూడెంటెన్‌స్టాట్ అని పెద్ద విద్యార్థి నివాసం ఉంది. 2021 ఫిబ్రవరిలో అక్కడ అగ్నిప్రమాదం జరిగాక మరమ్మతుల పేరుతో వెయ్యికి పైగా గదులు ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉన్నాయి. 1972 ఒలింపిక్స్ నాటి చిన్న ఇళ్ళలోనూ విద్యార్థులుంటారు గానీ, వాటికి సెమిస్టర్ల కొద్దీ క్యూ. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతాకాలం నుంచి యూరప్ కూటమి బయటి దేశాల మాస్టర్స్ విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 4,000 నుంచి 6,000 యూరోలు తీసుకుంటోంది. తీసుకోనివ్వండి. కానీ అంత ఫీజు తీసుకునే చోట, మొదటి మూడు నెలలకు ఒక మంచం, దానితో పాటు ఒక చీటీ ఇవ్వాలని అడగడం గొంతెమ్మ కోరికా? మన పాత ఊళ్ళలో స్టేషన్ల దగ్గర ముసాఫిర్‌ఖానాలు కట్టించినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఊరికి కొత్తగా వచ్చినవాడికి ముందు దిగడానికి చోటు కావాలి, బేరం తర్వాత.

పిల్లల్ని పంపే అమ్మానాన్నలకు ఒక మాట. కిరాయి ఎంత అని తర్వాత అడగండి, నమోదు చీటీ ఇస్తారా అని ముందు అడిగించండి. రూము చూడకుండా జమానత్ సొమ్ము పంపకండి. అది హీటింగు వగైరా ఖర్చులు కలపని కిరాయికి మూడు నెలలకు మించకూడదు, మూడు వాయిదాల్లో కట్టే హక్కూ ఉంది. అడ్మిషన్ కాగితం చేతికి రాగానే విద్యార్థి హాస్టళ్ళకు దరఖాస్తు పెట్టించండి.

మావాడు ఏడు వారాలు పతా లేకుండా గడిపాడు. చివరికి పనికి బదులు ఇల్లు అనే పద్ధతిలో ఒక ముసలావిడ ఇంట్లో గది దొరికింది. గది ఎన్ని చదరపు మీటర్లుంటే నెలకు అన్ని గంటలు సాయం చేయాలి, కరెంటు, నీళ్ళ ఖర్చు వేరే. వీడు సామాన్లు తెస్తాడు, తోటలో ఆకులు ఊడుస్తాడు. ఆవిడ మొదటి రోజే చీటీ రాసిచ్చింది. గడువు దాటినందుకు జుర్మానా పడుతుందేమోనని వణికాం, పడలేదు.

అక్కడ ఫ్లాటు నంబరు చూసి కాదు, డబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తారట. ఆవిడ ఇంటిపేరు కింద వీడి పేరు కాగితం ముక్క మీద రాసి అంటించిన ఫొటో పంపాడు. ఆ డబ్బాలోకి వచ్చిన మొట్టమొదటి ఉత్తరం రేడియో, టీవీ రుసుము కట్టమనే తాకీదు, నెలకు 18.36 యూరోలు. ఇంటికి ఒకరు కడితే చాలు, ఆవిడ కడుతూనే ఉంది. మా ఆపా ఆ తాకీదును ఫోనులో రెండుసార్లు చదివించుకుని, "పోనీలే, వాడి పేరు మీద ఉత్తరమైతే వచ్చింది కదా" అంది.