నిలుచుండి పోవు బండి

మున్నేటి యొడ్డుననున్న పెనుగంచిప్రోలులో రంగుల ఉత్సవము ఎరుగనివారు ఆ ప్రాంతమున లేరు. తిరుపతమ్మ తల్లి ఆలయ విగ్రహములను రంగులు వేయించుటకై జగ్గయ్యపేటకు గొనిపోయి, తిరిగి ఊరేగింపుగా తెచ్చునపుడు, ఆ దారి పొడవునను కాలినడకను సాగు జనమే. అట్టి దారిమీదికి పట్టణములలో తిరుగుచున్న క్రొత్త బండి యొకటి నేడో రేపో రాకమానదు. దానికి కూర్చుండుటకు పీఠము లేదు. రెండు చిన్న చక్రములు, నడుమ పాదములు మోపుటకొక పలక, పట్టుకొనుటకొక నిలువు కడ్డీ. మోటారు నడుపుచుండగా మనిషి నిలుచుండియే పోవును.

ఇది నిన్న మొన్నటి వింత కాదు. న్యూయార్కులో 1915లోనే ‘ఆటోపెడ్’ అను పేర ఇట్టి బండి వెలువడినది. ముందు చక్రముపై 155 సి.సి. పెట్రోలు ఇంజను; కడ్డీని ముందుకు నెట్టిన బండి కదలును, వెనుకకు లాగిన బ్రేకు పడును. స్త్రీల ఓటుహక్కునకై పాటుపడిన ఫ్లోరెన్సు నార్మన్ దొరసాని 1916లో లండను వీథులలో దానిపై పోవుచున్న ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము. జర్మనీలో క్రుప్ కంపెనీయు కొన్నాళ్లు చేసినది. అయినను 1920 దాటిన కొలది యేండ్లకే ఆ ముచ్చట తీరినది.

దానికి మరల ప్రాణము పోసినది లిథియం బ్యాటరీ. 2017లో అమెరికాలోని శాంటా మోనికాలో ఫోనుతో అద్దెకిచ్చు పద్ధతి మొదలై లోకమంతట ప్రాకినది. పారిస్ నగరము 2023 ఏప్రిలులో ప్రజల నడుగగా, ఓటు వేసినవారిలో నూటికి ఎనుబది తొమ్మండుగురు అద్దెబండ్లు వలదనిరి. వేయవచ్చినవారు నూటికి ఎనమండుగురైనను లేరనుట వేరుమాట! సెప్టెంబరునాటికి ఆ బండ్లు తొలగినవి.

మన దేశపు నిబంధనలలో 250 వాట్లకును, గంటకు 25 కిలోమీటర్లకును లోబడిన తేలికపాటి బ్యాటరీ బండి మోటారు వాహనము క్రిందికి రాదు. లైసెన్సు అక్కరలేదు. బస్సు దిగి ఊరిలోనికి రెండు మైళ్లు నడువవలసిన విద్యార్థికి ఇంతకన్న చౌకయైన సాయము దొరకదు. ఆ మేలును కాదనరాదు.

కాని చక్రమునకొక న్యాయము కలదు. ఎద్దుబండి చక్రము మనిషి రొమ్మెత్తు. గుంతను లెక్కచేయక దాటిపోవును. సైకిలు చక్రము కుదుపుతో దాటును. జానెడు చక్రము గుంతలో దిగినచో అచ్చటనే ఆగును. నిలుచున్నవాడు మాత్రము ఆగడు, ముందుకు బోర్లపడును. పారిస్ నునుపు బాటల కొలతకు చేసిన బండిని, వానకు కోసుకొనిపోవు నల్లరేగడి దారులమీద నడుపుమనుట సాహసమే. 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి హైదరాబాదు–విజయవాడ రహదారినే నిలిపివేసినది. ఇక పల్లెబాటల మాట చెప్పవలెనా?

ఇంతకన్న పెద్ద చిక్కు నడచువారిది. పారిస్ వారు తమ కాలిబాటలమీదికి బండ్లు వచ్చుచున్నవని మొరపెట్టిరి. మన పల్లెలలో అట్టి కాలిబాట యేది? తారు అంచున మిగిలిన మూరెడు మట్టియే నడచువానికి దిక్కు. చప్పుడు చేయని బండి వెనుకనుండి ఆ మూరెడులోనికే వచ్చును. వినికిడి తగ్గిన ముదుసలికి దాని రాక తెలియదు. బండి కొనువారికి రాయితీల నిచ్చుటకు ముందు, జగ్గయ్యపేటనుండి పెనుగంచిప్రోలు వరకు దారికి ఒక ప్రక్కనైనను రెండు గజముల కాలిబాట వేయించుట పాలకుల వంతు. రంగుల ఉత్సవమునాడు ఆ బాటమీద నడుచుటకు జనమునకు కొదువలేదు.